ఇంటిపేరు అడగని గది

మద్యం మానడం ఒక పని, మానిన స్థితిలో నిలబడడం మరొక పని. మొదటిదానికి ఆస్పత్రి, మందులు, కొద్ది రోజుల కాపలా సరిపోవచ్చు గాని, రెండోదానికి ఏళ్ల తరబడి వారం వారం, తొలినాళ్లలోనైతే ఇంచుమించు రోజూ, అందుతూ ఉండే తోడు కావాలి. ఆ తోడును ఒక పద్ధతి ప్రకారం అందించడానికి ఏర్పడిన చిన్న సమావేశాన్నే కోలుకుంటున్నవారు వాడుకలో ‘మీటింగు’ అంటారు. అందులో ఉపన్యాసకుడు గాని, అధికారి గాని, రోగిని పరీక్షించే వైద్యుడు గాని ఉండరు. ఒకప్పుడు తాగుడుకు బానిసై ఇప్పుడు మానినవారూ, మానాలని కోరుకుంటున్నవారూ కూర్చుని ఒకరి తరువాత ఒకరు తమ సంగతి చెప్పుకుంటారు. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలతో కూడిన దిగువ కృష్ణా డెల్టాలో బ్రాందీ షాపుకు దారి అడిగితే ఎవరైనా చూపిస్తారు గాని, ఇటువంటి గదికి దారి అడిగితే చెప్పగలిగేవారు అరుదు. పైగా ఆ ప్రశ్న అడగడానికే మనిషికి నోరు రాదు. ఆ గదిని వెతకడం ఎలా, వెతుకులాటలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన అడ్డంకులేమిటి, దగ్గరలో దొరకనప్పుడు చేయదగినదేమిటి అన్నవి తెలుసుకోదగిన విషయాలు.

దుకాణం చుట్టూ తిరిగిన చరిత్ర

తెలుగునాట మద్యం గురించిన ఆలోచన చాలాకాలం దుకాణం చుట్టూనే తిరిగింది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి కృష్ణా జిల్లాతో సహా నాటి మద్రాసు రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాదే, 1954 నవంబరులో, ప్రకాశం పంతులు మంత్రివర్గం శాసనసభలో ఓడిపోవడానికి నిమిత్తమైన అంశం కూడా మద్యనిషేధమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో చదువుకుంటున్న స్త్రీలు సారా దుకాణాన్ని మూయించడంతో రగిలిన ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. గుడివాడకు చేరువలోని నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే సంపూర్ణ మద్యనిషేధం ఫైలుపై సంతకం పెట్టారు. 1995 జనవరి 16న అమలులోకి వచ్చిన ఆ నిషేధం 1997లో సడలిపోయింది. 2019 అక్టోబరులో దుకాణాలను ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టగా, 2024 అక్టోబరులో అవి తిరిగి ప్రైవేటు వ్యాపారుల చేతికి వెళ్లాయి.

ఈ నిర్ణయాల మంచిచెడ్డలు ఎలా ఉన్నా, వాటన్నిటికీ అందని మనిషి ఒకడున్నాడు. దుకాణం తెరిచి ఉంటే తాగేవాడు, మూసి ఉంటే నాటుసారా వెతికేవాడు, అదీ దొరకకపోతే ప్రాణం మీదికి తెచ్చుకునేవాడు అతడే. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా కట్టడి వల్ల మద్యం దుకాణాలు మూతపడి ఉన్న సమయంలో, శానిటైజరు తాగి పదిమందికి పైగా మరణించిన సంఘటన ఈ సంగతిని బాధాకరంగా రుజువు చేసింది. దుకాణానికి తాళం వేసినంత మాత్రాన శరీరానికి పట్టిన అలవాటుకు తాళం పడదు.

వైద్యశాస్త్రం ఈ స్థితిని ‘మద్యంపై ఆధారపడడం’ అంటుంది. అంటే, మొదట చాలినంత మోతాదు తరువాత చాలకపోవడం, తాగకపోతే శరీరం తిరగబడడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపుకోలేకపోవడం అనే లక్షణాలు కలిసి కనిపించే జబ్బు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వాడకం వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంలో భాగంగానే లెక్కించి, చికిత్స పొందడం పౌరుని హక్కుగా గుర్తించింది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీలోని ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 5.7 కోట్ల మందికి మద్యం సమస్యలో సహాయం అవసరం కాగా, వారిలో మద్యంపై పూర్తిగా ఆధారపడినవారు సుమారు 2.9 కోట్లు, ఈ రెండో వర్గంలో ఏదో ఒక రకమైన చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికే. మద్యం సమస్య తీవ్రంగా ఉన్న రాష్ట్రాల వరసలో అదే సర్వే ఆంధ్రప్రదేశ్‌ను కూడా చేర్చింది.

ముందు ఆస్పత్రి, తరువాత మీటింగు

మీటింగు కోసం బయలుదేరే ముందు తెలుసుకోవలసిన జాగ్రత్త ఒకటుంది. చాలా ఏళ్లుగా రోజూ తాగుతున్నవారు ఒక్కసారిగా మానినప్పుడు, చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, వాంతులు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి రెండు రోజుల లోపు ఫిట్స్ వస్తాయి. మరికొందరు రెండు మూడు రోజుల తరువాత మతి తప్పి, లేనివి ఉన్నట్టు చూస్తూ, ఎక్కడున్నారో తెలియని స్థితిలోకి జారుకుంటారు. ‘విరమణ లక్షణాలు’ అని పిలిచే ఈ దశలో వైద్యం అందకపోతే ప్రాణాపాయం ఉంది. కాబట్టి మచిలీపట్నం ప్రభుత్వ ఆస్పత్రి గాని, గుడివాడ, అవనిగడ్డలలోని ప్రభుత్వ వైద్యశాలలు గాని మొదటి మెట్టు కావాలి. ఈ దశను దాటించడానికి వైద్యులు నరాలను శాంతపరిచే మందులతో పాటు, తాగుడు వల్ల శరీరంలో తరిగిపోయిన థయమిన్ అనే బి1 విటమిన్‌ను ఇస్తారు.

పల్లెల్లో ఇప్పటికీ వినిపించే ‘తెలియకుండా కూరలో కలిపే పొడి’ విషయంలో కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండెదడ, వాంతులు వచ్చి, రక్తపోటు పడిపోతుంది. రోగికి అన్నీ చెప్పి, అతని ఒప్పుదలతో, వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన అటువంటి మందును దొంగచాటుగా పెట్టడం వల్ల మనిషే పోవచ్చు, బతికి బయటపడినా ఇంటివారి మీద నమ్మకం పోతుంది.

ఇద్దరితో మొదలైన సంఘం

మీటింగు అనే పద్ధతికి మూలం 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఉంది. న్యూయార్కుకు చెందిన బిల్ అనే షేర్ల వ్యాపారి, మద్యం మాని అప్పటికి కొన్ని నెలలే అయి, వ్యాపారం మీద ఆ ఊరికి వచ్చాడు. వచ్చిన పని చెడింది. బస చేసిన హోటలు వసారాలో ఒక పక్క బారు నుంచి నవ్వులు వినిపిస్తుండగా, మరోపక్క టెలిఫోను దగ్గర స్థానిక చర్చిల జాబితా కనిపించింది. బారు వైపు వెళితే తాను మిగలనని గ్రహించిన ఆ మనిషి, మాట్లాడడానికి తనవంటి తాగుబోతు ఒకడు కావాలని వరసగా ఫోన్లు చేశాడు. ఆ ఫోన్ల ఫలితంగా మరునాడు, మే 12న, బాబ్ అనే శస్త్రచికిత్స వైద్యుడు కలిశాడు. పావుగంట మాత్రమే ఉంటానని వచ్చిన ఆయన రాత్రి పదకొండు దాటేదాకా కూర్చున్నాడు. ఆ డాక్టరు చివరిసారిగా తాగిన 1935 జూన్ 10వ తేదీనే ‘ఆల్కహాలిక్స్ ఎనానిమస్’ అనే సంఘానికి పుట్టినరోజుగా భావిస్తారు. క్లుప్తంగా ‘ఏఏ’ అని పిలిచే ఈ సంఘం పేరుకు, పేరు బయటపెట్టుకోని మద్యపానుల కూటమి అని అర్థం చెప్పుకోవచ్చు. ఇది 1957లో భారతదేశంలో అడుగుపెట్టింది.

ఈ వృత్తాంతంలో గమనించదగిన విషయం ఏమిటంటే, బిల్ ఆనాడు వెతికింది తనకు సహాయం చేయగలవాడిని కాదు, తాను సహాయం చేయదగినవాడిని. వైద్యుడు చెప్పినా, భార్య ఏడ్చినా, పెద్దమనుషులు పంచాయతీ పెట్టినా చెవికెక్కని మాట, అదే గోతిలో పడి లేచిన మనిషి చెబితే ఎక్కుతుంది. చెబుతున్నవాడికి కూడా ఆ చెప్పడమే కట్టుబాటు అవుతుంది. మీటింగు పనిచేసే తీరంతా ఈ రెండు వైపుల ప్రయోజనం మీదే ఆధారపడి ఉంది. ప్రపంచవ్యాప్తంగా జరిగిన 27 అధ్యయనాలను, 10,565 మంది అనుభవాన్ని కలిపి పరిశీలించి 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, ఏఏ మార్గంలోకి క్రమపద్ధతిలో నడిపించిన చికిత్స పొందినవారిలో నూటికి 42 మంది, ఇతర చికిత్సలు పొందినవారిలో నూటికి 35 మంది ఏడాది తరువాత పూర్తిగా మద్యానికి దూరంగా ఉన్నారని తేల్చింది. ఈ తేడా అద్భుతమేమీ కాదు; కాని పైసా ఖర్చు లేని మీటింగులకు దారి చూపే పద్ధతి, ఇతర చికిత్సలకు తీసిపోకుండా నిలవడం చిన్న సంగతి కాదు.

గది లోపల జరిగేది

మీటింగు సాధారణంగా గంట, గంటన్నర సాగుతుంది. ఆ రోజుకు నిర్వహణ బాధ్యత తీసుకున్న సభ్యుడు సంఘం ఉద్దేశాన్ని నాలుగు వాక్యాల్లో చదివి, ‘పన్నెండు మెట్లు’ అనే కోలుకునే క్రమంలో ఏదో ఒకదాన్ని ప్రస్తావిస్తాడు. తన బలహీనతను ఒప్పుకోవడంతో మొదలై, చేసిన తప్పులను లెక్కవేసుకోవడం, నొప్పించినవారికి నష్టం పూడ్చడం, చివరకు మరొకరికి చేయి అందించడం దాకా ఆ మెట్లు సాగుతాయి. ఆపై ఒక్కొక్కరు పేరు చెప్పి, తాను మద్యం వ్యసనం ఉన్నవాడినని పలికి, మూడు నాలుగు నిమిషాలు మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహా ఇవ్వరు, ఎదురు ప్రశ్న వేయరు; మాట్లాడడం ఇష్టం లేనివారు పేరు చెప్పి ఊరుకోవచ్చు. కొత్తవారు ఆ మొదటి గంటలో ఎక్కువగా గమనించేది ఒక చిన్న విషయాన్ని: ఉద్యోగం పోయిన సంగతి, పెళ్లిలో చేసిన రభస, కూతురి పుస్తెలు తాకట్టు పెట్టిన సంగతి బయట ఎక్కడ చెప్పినా ఛీత్కారమో జాలో ఎదురవుతుంది గాని, ఇక్కడ నలుగురు తలలూపుతారు, ఒక్కోసారి నవ్వుతారు కూడా, ఆ నవ్వు తమకూ అదే జరిగిందనే గుర్తింపు నుంచి వస్తుంది.

చివర ఒక సంచో, డబ్బానో చేతులు మారుతుంది. అందులో వేసే పదో ఇరవయ్యో గది అద్దెకు, టీకి సరిపోతాయి. బయటివారి విరాళాలను సంఘం స్వీకరించదు, సభ్యత్వ రుసుము ఉండదు. చేరడానికి కావలసిన అర్హత తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. ఎవరైనా వచ్చి వినగలిగేదాన్ని ‘ఓపెన్ మీటింగు’ అనీ, సమస్య ఉన్నవారికి మాత్రమే పరిమితమైనదాన్ని ‘క్లోజ్డ్ మీటింగు’ అనీ అంటారు. కొత్తవారికి ఫోను నంబరు ఇచ్చి, కోరిక పుట్టిన వేళ మాట్లాడడానికి సిద్ధంగా ఉండే పాతకాపును ‘స్పాన్సరు’ అంటారు. ఈ మాటకు ఇక్కడ డబ్బు పెట్టేవాడన్న అర్థం లేదు. మళ్లీ తాగినవారిని వెలివేయరు. జబ్బు తిరగబెట్టినట్టుగానే భావించి, మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క ప్రారంభిస్తారు.

ఏఏ గ్రంథాల్లో దేవుని ప్రస్తావన తరచు వస్తుంది. గోరా 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన ముదునూరు గల కృష్ణా జిల్లాలో ఇది కొందరికి అడ్డంకిగా తోచవచ్చు. అయితే ఆ దేవుడు ఎవరికి తోచిన రూపంలో వారికి ఉంటాడని ఆ గ్రంథాలే చెబుతాయి; తనకన్నా పెద్దదైన శక్తిగా ఆ గదిలోని మనుషుల సమూహాన్నే భావించేవారూ ఉన్నారు.

ఎవరి తాలూకు అన్న ప్రశ్న

డెల్టాలో ఈ పద్ధతికి ఎదురయ్యే అసలు ఇబ్బంది పేరు దగ్గర ఉంది. ఇక్కడ కొత్త మనిషి కనిపిస్తే మొదట వచ్చే ప్రశ్నలు ఏ ఊరు, ఎవరి తాలూకు, ఇంటిపేరేమిటి అన్నవే; ఆ మూడింటికీ జవాబు దొరికితే కులం, కుటుంబం, బంధుత్వం, ఆస్తి, ఎవరి ఇంటి అల్లుడు అనేవన్నీ వాటంతట అవే తెలిసిపోతాయి. పాశ్చాత్య దేశాల్లో సభ్యుడు సొంత పేరుతో పాటు ఇంటిపేరు తొలి అక్షరాన్ని చెప్పడం ఆనవాయితీ. తెలుగునాట మాత్రం ఆ ఒక్క అక్షరమూ, దానికి ఊరి పేరు తోడైతే, మనిషిని పట్టించగలదు. కోనేరు సెంటరులో ఒక మేడ మెట్లెక్కిన సంగతి సాయంత్రానికల్లా చిలకలపూడికి చేరగలిగిన మచిలీపట్నం వంటి పట్టణంలో గోప్యత అనేది కాగితం మీద రాసుకునే నియమంగా సరిపోదు.

అందువల్ల డెల్టావాసికి ఒక విధంగా దూరమే మేలు చేస్తుంది. బందరు (మచిలీపట్నం) మనిషి గుడివాడలో, గుడివాడ మనిషి విజయవాడలో, దివిసీమ మనిషి బందరులో కూర్చోవడానికి వెసులుబాటు ఉంటే మొదటి నెలల్లో బెరుకు తగ్గుతుంది. మీటింగుకు వెళితే పరువు పోతుందన్న భయాన్ని మరో కోణం నుంచి కూడా తూచుకోవాలి: రోడ్డు పక్కన పడిపోయిన మనిషిని ఊరంతా ఇదివరకే చూసి ఉంటుంది, అతడు కోలుకోవడానికి వెళ్తున్నాడన్న విషయమే ఇంకా ఎవరికీ తెలియనిది.

వెతికే దారులు

వెతుకులాటకు అన్నిటికన్నా సులువైన మొదటి అడుగు ఫోను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు, తెలుగులోనూ, ఉచితంగా అందుతుంది. మత్తు పదార్థాల వ్యసనానికి సంబంధించి 14446 అనే మరో జాతీయ నంబరు ఉంది. ఈ రెండూ మీటింగులు నడిపేవి కావు. కాని దగ్గరలో ఉన్న చికిత్స కేంద్రాన్ని, సలహాదారును సూచించగలవు. రెండో దారి ఆస్పత్రి: మానసిక వైద్యుణ్ణి కలిసినప్పుడు, మందుల చీటీతో సరిపెట్టుకోకుండా, కోలుకున్నవారి బృందం ఏదైనా తెలుసా అని అడగడం వల్ల తరచు ఒక మనిషి పేరో, ఒక ఫోను నంబరో దొరుకుతుంది. మూడోది ఏఏ భారతదేశ విభాగం ప్రకటించే మీటింగుల జాబితా. బృందాలు సాధారణంగా నగరాల్లో ఎక్కువగా ఉంటాయి కాబట్టి, జాబితాలో వెతుకుతున్న డెల్టావాసి చూపు సహజంగా విజయవాడ వైపు మళ్లుతుంది. చిరునామా దొరికాక నేరుగా వెళ్లకుండా ముందుగా ఫోను చేసి, ఆ వారం మీటింగు ఉందా, ఏ భాషలో జరుగుతుంది, ఓపెనా క్లోజ్డా అని నిర్ధారించుకోవాలి; గది మారడం, వేళ మారడం ఈ బృందాల్లో మామూలే.

మచిలీపట్నం నుంచి విజయవాడకు సుమారు 70 కిలోమీటర్లు. రైలుంది, బస్సుంది, అయినా సాయంత్రం మీటింగు ముగిసి ఇల్లు చేరేసరికి పొద్దుపోతుంది. పంటు మీద నది దాటవలసిన ఎదురుమొండి వంటి దీవులవారికి, వేటకు వెళ్లే గిలకలదిండి మత్స్యకారులకు, చెరువు గట్టు మీద కాపలా ఉండే కూలీకి అది వారం వారం సాధ్యమయ్యే ప్రయాణం కాదు. వీరికి 2020 లాక్‌డౌన్ తరువాత బాగా వ్యాపించిన ఆన్‌లైన్ మీటింగులు కొంత ఉపకరిస్తాయి. ఇంట్లో ఒకటే ఫోను ఉన్నచోట చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం, కెమెరా ఆపివేయడం, ఆ గంటసేపు ఫోను తనకే వదలాలని ఇంటివారికి ముందుగా చెప్పడం వంటి చిన్న ఏర్పాట్లు అవసరమవుతాయి.

వెతికేటప్పుడు మోసపోకుండా ఉండడానికి ఒక గీటురాయి ఉంది. డబ్బు కట్టించుకునేది, నెలల తరబడి బంధించి ఉంచేది, కొట్టేది, వంద శాతం మాన్పిస్తామని గోడల మీద రాయించేది మీటింగు కాదు. చికిత్స కేంద్రమైతే దానికి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, అర్హత ఉన్న వైద్యుడు ఉండాలి. ఈ రెండింటినీ అడిగి చూసుకోవడం కుటుంబానికి ఉన్న హక్కు.

ఇంటివారి గది

తాగేవాడు మీటింగుకు రానన్నా, ఇంటివారు వెళ్లదగిన మీటింగు వేరే ఉంది. 1951లో బిల్ భార్య లోయిస్, మరొక సభ్యుని భార్య కలిసి రూపుదిద్దిన ‘అల్-అనాన్’ తాగేవారి భార్యలకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఉద్దేశించినది. జీతం రోజున ఎదురుచూడడం, సీసాలు దాచడం, ఆఫీసుకు జ్వరమని అబద్ధం చెప్పడం, అప్పులవాళ్లకు సర్దిచెప్పడం అనే పనుల్లో తమ జీవితం ఎంత అరిగిపోయిందో గుర్తించి, అతడు మానినా మానకపోయినా తాము తెప్పరిల్లడం దాని లక్ష్యం. పొదుపు సంఘాల్లో వారం వారం కూర్చుని లెక్క చూసుకోవడం అలవాటైన డెల్టా స్త్రీలకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు; అక్కడ పుస్తకంలో రాసేది అప్పు, ఇక్కడ మాటల్లో దింపుకునేది బరువు.

దొరకనప్పుడు

దగ్గరలో మీటింగు లేకపోవడం వెతుకులాటకు ముగింపు కాదు. మద్యం మానాలనుకునే ఇద్దరు ముగ్గురు ఆ ఉద్దేశంతో కూర్చుంటే, వేరే సంస్థతో ముడిపెట్టుకోనంతవరకు, దాన్ని ఒక బృందంగానే ఏఏ సంప్రదాయం గుర్తిస్తుంది. పాఠశాల గది, చర్చి హాలు, గ్రంథాలయం వెనుక వసారా, ఆస్పత్రి ఓపీ ముగిశాక ఖాళీ అయ్యే గది ఇందుకు సరిపోతాయి. బయటి నుంచి ఊతం ఎలా అందవచ్చో తమిళనాడు చూపింది: తాగుడుతో భర్తను కోల్పోయిన శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో నెలకొల్పిన టి.టి. రంగనాథన్ సంస్థ 1989 నుంచి కావేరి డెల్టాలోని మంజక్కుడిలో గ్రామ శిబిరాలు నడిపింది. చికిత్సను ఊరిలోకే తెచ్చి, ఊరివారిని, ఇంటివారిని అందులో భాగస్వాములను చేసిన ఆ పద్ధతి కృష్ణా డెల్టా పల్లెలకు పరాయిదేమీ కాదు.

ఊరిలో బృందం నిలవాలంటే ఇక్కడి ఏడాది నడకను కూడా గమనించుకోవాలి. సంక్రాంతి కోడిపందేల బరులు, పెళ్లిళ్ల కాలం, పెద్దకర్మ భోజనాలు, ఎన్నికల రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంతో పడవలు ఒడ్డున ఉండే రెండు నెలలు మానినవారికి ఎక్కువ పరీక్ష పెట్టే సమయాలు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట అనే నాలుగూ మనిషిని సీసా వైపు తోస్తాయని మీటింగుల్లో తరచు చెప్పుకుంటారు. పండుగ రోజున గది మూయకుండా, ఆ రోజే తప్పనిసరిగా తెరవాలన్న ఆలోచన అందులోంచి వచ్చినదే.

కొత్త బృందాల్లో మొదటి నెలలు సాధారణంగా వెలవెలబోతాయి. ఒకరే వచ్చి, రెండు కుర్చీలు వేసి, గంటసేపు కూర్చుని తిరిగి వెళ్లే సాయంత్రాలు ఉంటాయి. అయినా చెప్పిన రోజున, చెప్పిన వేళకు తలుపు తీసి ఉంచడమే ఆ బృందానికి పునాది. ఎందుకంటే వీధి చివర మూడు వారాలుగా అటూ ఇటూ తిరుగుతూ లోపలికి రావడానికి ధైర్యం చాలని మనిషి, నాలుగో వారం వచ్చినప్పుడు తాళం చూస్తే మళ్లీ రాడు. అందుకే గది తాళంచెవిని చాలా బృందాల్లో కోలుకుంటున్న సభ్యుని చేతికే ఇస్తారు. ఇంటి బీరువా తాళం సంగతి అటుంచి, సైకిలు తాళం కూడా ఇంటివారు నమ్మి ఇవ్వడం మానేసిన మనిషికి ఆ చెవి చాలాకాలం తరువాత దక్కే మొదటి బాధ్యత అవుతుంది.